బోర్డు తప్పుగా పెట్టి ఆడేశారు, ఇప్పుడేంటి? చెస్ రూల్స్ ఏం చెప్తున్నాయి

ఈ ఎపిసోడ్‌లో ఓపెనింగ్‌లు లేవు, ట్యాక్టిక్స్ లేవు. మొదటి ఎత్తు వేయకముందే జరిగిపోయే ఒక తప్పు గురించి మాట్లాడుకుందాం. అదే, బోర్డునో పావుల్నో తప్పుగా పెట్టుకోవడం. "ఇదేం టాపిక్ బ్రో, అది చిన్నపిల్లలకి కూడా తెలుసు కదా" అనుకునేవాళ్ళు ఒక్క రెండు నిమిషాలు ఆగండి.

ఒక సీన్ ఊహించుకోండి. పదేళ్ల పాప, క్లాసికల్ టోర్నమెంట్, తెల్లపావులు. 22 ఎత్తులు అయ్యాయి. పాపకి ఒక రూక్ ఎక్కువ ఉంది, ఇంకాసేపట్లో గెలిచేస్తుంది. ఎదురుగా ఉన్న అబ్బాయి చాలాసేపు బోర్డు వంకే చూసి, క్లాక్ ఆపి, చెయ్యెత్తాడు. ఆర్బిటర్ వచ్చారు. "సార్, నా కింగ్, క్వీన్ మొదటి నుంచీ తారుమారుగా ఉన్నాయి" అన్నాడు. ఆర్బిటర్ చూశారు. నల్ల కింగ్ ఇంతవరకూ కదల్లేదు, డీ8 గడిలో కూర్చుని ఉంది. ఉండాల్సింది ఈ8లో. స్కోర్‌షీట్లు తిరగేశారు, నిజమే.

ఇప్పుడు ఆర్బిటర్ ఏం చేస్తారు? గెలుస్తున్న పాపకి పాయింట్ ఇస్తారా? కింగ్, క్వీన్ మార్చి పెట్టి ఆట కొనసాగించమంటారా? రెండూ కాదు. ఆ గేమ్ రద్దు. కొత్త గేమ్, ఒకటో ఎత్తు నుంచి.

హాల్ బయట ఉన్న పాప వాళ్ళ నాన్నకి ఇది చెప్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. "ఓడిపోతున్నాడు కాబట్టే ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంటారు. ఆ కోపంలో అర్థం ఉంది. కానీ ఫిడే రూల్స్‌లో ఏడో ఆర్టికల్ ఈ విషయంలో చాలా సూటిగా ఉంది. ఆట జరుగుతుండగా పావుల మొదటి అమరిక తప్పు అని తేలితే, ఆ ఆట రద్దు చేసి కొత్తది ఆడాలి. ఎవరు పెట్టారు, ఎవరు గెలుస్తున్నారు, ఎన్ని ఎత్తులయ్యాయి, ఇవేవీ ఆ వాక్యంలో లేవు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. "ఆట జరుగుతుండగా". చెక్‌మేట్ అయిపోయాక, లేదా ఒకరు రిజైన్ చేసేశాక ఆట ముగిసిపోయింది. ఇంటికెళ్ళి స్కోర్‌షీట్ కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే "అయ్యో, తప్పుగా పెట్టుకున్నామే" అని తెలిస్తే ఈ రూల్ పట్టుకుని గేమ్ రద్దు చేయమని అడగలేరు.

సరే, ఇంత కఠినం ఎందుకు? నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను కాబట్టి నాకు ఇది అలాగే అర్థమవుతుంది. తప్పుల్లో రెండు రకాలు. ఒకటి స్క్రీన్ మీద తప్పుగా కనిపించడం, లోపల డేటా మాత్రం కరెక్ట్. ఇంకోటి డేటానే తప్పు. మొదటిదైతే స్క్రీన్ సరిచేస్తే చాలు. రెండోదైతే దాని మీద జరిగిన లెక్కలన్నీ పోయినట్టే. చెస్ రూల్స్ రాసినవాళ్ళు కూడా సరిగ్గా ఈ గీతే గీశారు.

బోర్డు అడ్డంగా తిరిగి ఉంది అనుకోండి. అంటే మీ కుడిచేతి వైపు దగ్గరి మూల గడి తెల్లగా ఉండాల్సింది, నల్లగా ఉంది. పావులు మాత్రం ఒకదాని పక్కన ఒకటి సరైన వరుసలోనే ఉన్నాయి. ఇది స్క్రీన్ తప్పు. గడి రంగుకి చెస్‌లో అసలు పని లేదు. బిషప్ ఐమూలగా వెళ్తుంది, అది తెల్ల గడుల మీదా నల్ల గడుల మీదా అన్నది మన కంటి కోసమే. బోర్డంతా ఒకే రంగులో ఉన్నా ఆట మారదు, కాకపోతే మన కళ్ళు పోతాయి. అందుకే ఇలా దొరికితే గేమ్ రద్దు కాదు. అప్పటివరకూ వచ్చిన పొజిషన్‌ని సరిగ్గా పెట్టిన బోర్డు మీదకి మార్చి, అక్కణ్ణుంచే ఆడాలి.

అదే కింగ్, క్వీన్ మారిపోతే? ఇది డేటా తప్పు. ఎంత తేడా వస్తుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. పిల్లలు మొదట నేర్చుకునే నాలుగెత్తుల మేట్ ఉంది కదా, బిషప్‌ని సీ4లో పెట్టి, క్వీన్‌తో ఎఫ్7 బంటుని కొట్టడం. అది ఎందుకు పని చేస్తుంది? మొదట్లో ఎఫ్7ని కాపాడేది కింగ్ ఒక్కటే కాబట్టి. ఇప్పుడు నల్ల కింగ్ డీ8లో, క్వీన్ ఈ8లో ఉన్నాయనుకోండి. ఎఫ్7 పక్కన నిలబడి ఉన్నది క్వీన్! మీరు వెళ్ళి కొడితే మేట్ కాదు, క్వీన్ మీ క్వీన్‌ని తినేస్తుంది, మీ బిషప్ తిరిగి తింటుంది. అంతే, క్వీన్ల మార్పిడి. మీరు నేర్చుకున్న ఓపెనింగ్, ఏ గడి బలహీనం, ఏ వైపు క్యాజిలింగ్, అన్నీ మారిపోయాయి. మీరిద్దరూ ఆడింది చెస్ లాంటి ఇంకో ఆట. ఫిషర్ ర్యాండమ్, అదే చెస్960 తెలిసినవాళ్ళకి ఈ మాట సరదాగా అనిపిస్తుంది. అందులో మామూలు అమరిక నంబర్ 518. రెండు వైపులా కింగ్, క్వీన్ మారిస్తే వచ్చేది 534. అంటే పొరపాటున మీరు వేరే నంబర్ ఆట ఆడేశారన్నమాట.

కాబట్టి పాప కేసులో నన్నడిగితే రూల్ న్యాయమే. బాధగా ఉంటుంది, కానీ ఆ రూక్ ఆధిక్యం వేరే ఆటలో వచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది పట్టించుకోరు. బోర్డు అడ్డంగా తిరిగి ఉందని ఎవరో గమనించారు, "ఓహ్, ఇది చిన్న తప్పే, మార్చేద్దాం" అంటారు. ఆగండి! బోర్డు అడ్డంగా ఉన్నప్పుడు పిల్లలు పావులు ఎలా పేర్చి ఉంటారు? "క్వీన్ తన రంగు గడిలో" అని నేర్పాం కదా. బోర్డు తిరిగితే గడుల రంగులన్నీ తారుమారు. తెల్ల క్వీన్ తెల్ల గడి వెతుక్కుంటూ కింగ్ ఉండాల్సిన చోటికి వెళ్ళిపోతుంది, నల్ల క్వీన్ కూడా అంతే. చూడ్డానికి మహా చక్కగా ఉంటుంది, కింగ్‌కి ఎదురుగా కింగ్, క్వీన్‌కి ఎదురుగా క్వీన్, ప్రతి క్వీన్ తన రంగులో. అద్దంలో చూసిన చెస్ బోర్డులా ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ సరైన బోర్డు మీదకి మారిస్తే తెల్ల కింగ్ డీ1లో తేలుతుంది. అంటే ఒక తప్పు వెనక ఇంకో తప్పు దాక్కుంది, ఇప్పుడు పనిచేసేది "రద్దు" రూలే.

ఏది జరిగిందో ఎలా తెలుసుకోవాలి? కింగ్, రూక్‌లు కదలకపోతే తేలిక. తెల్లపావుల వైపు కూర్చుని, కింగ్‌కీ కుడివైపు రూక్‌కీ మధ్య ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టండి. రెండు ఉంటే కింగ్ సరైన చోటే ఉంది. మూడుంటే క్వీన్‌తో మారిపోయింది. నల్లపావుల వైపు కూర్చుంటే ఇదే లెక్క ఎడమ వైపు. క్యాజిలింగ్ అయిపోతే బోర్డు మీద ఆధారం ఉండదు, స్కోర్‌షీటే దిక్కు. రాయడానికి బద్ధకించే పిల్లలకి ఈ ఎపిసోడ్ ఇక్కణ్ణుంచి చూపించండి.

నిజంగా బోర్డు మాత్రమే తిరిగి ఉంది, పావులు సరైనవే అని తేలితే మార్చే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ మళ్ళీ కొత్త తప్పులు చేస్తారు. పావులు ఉండగా బోర్డుని తిప్పకూడదు, తిప్పితే సైన్యాలు పక్కలకి వచ్చేస్తాయి. ఇంకో బోర్డు పక్కన సరిగ్గా పెట్టి, మీ కుడి మూల నుంచి మొదలుపెట్టి వరుస తర్వాత వరుస, గడికి గడి మార్చుకోవాలి. బోర్డు మీద అచ్చేసిన అక్షరాలు, అంకెల్ని మాత్రం నమ్మకండి. తిరిగిన బోర్డు మీద అక్షరాలు పక్కకి, అంకెలు మీ ముందుకి వచ్చి ఉంటాయి. ఇంకోటి, మార్చాక మీ తెల్ల గడుల బిషప్ నల్ల గడుల మీదకి వచ్చినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి, అది అలాగే ఉండాలి. ఇదంతా ఆర్బిటర్ ఎదురుగానే చేయండి, మీరిద్దరే చేసుకోకండి.

ఇప్పుడు ర్యాపిడ్‌కి వద్దాం. మన దగ్గర పిల్లలు ఎక్కువగా ఆడేది వీకెండ్ ర్యాపిడ్ టోర్నమెంట్లే. ర్యాపిడ్ అంటే ఒక్కొక్కరికి 10 నిమిషాల కంటే ఎక్కువ, 60 నిమిషాల కంటే తక్కువ సమయం. 10 నిమిషాలు, అంతకంటే తక్కువైతే బ్లిట్జ్. ఇక్కడ రూల్ మారుతుంది. ఇద్దరూ చెరో 10 ఎత్తులు పూర్తి చేశాక, పావుల అమరిక తప్పనిగానీ బోర్డు తిరిగి ఉందనిగానీ క్లెయిమ్ చేయడానికి వీల్లేదు. ఉన్నది ఉన్నట్టు ఆడేయడమే.

దీనికి ఒక తోక ఉంది. కింగ్ తప్పు గడిలో మొదలై ఉంటే ఆ వైపువాళ్ళకి క్యాజిలింగ్ లేదు. రూక్ తప్పు గడిలో మొదలై ఉంటే ఆ రూక్‌తో క్యాజిలింగ్ లేదు. అంటే మన పాప కేసు ర్యాపిడ్‌లో జరిగి ఉంటే? 22వ ఎత్తు దగ్గర అబ్బాయి చెయ్యెత్తితే ఆర్బిటర్ "ఆడండి" అనేసేవారు. పైగా ఆ అబ్బాయికే క్యాజిలింగ్ పోయేది. పాప గెలిచేది. ఒకే తప్పు, ఒకే ఎత్తు, కానీ గోడ మీద అతికించిన టైమ్ కంట్రోల్‌ని బట్టి ఫలితం తలకిందులు. నైట్, బిషప్ తారుమారైతే మాత్రం క్యాజిలింగ్‌కి సంబంధం లేదు, అలాగే ఆడతారు.

ఒక్కో ఆర్బిటర్ మూడు గేమ్‌లకి మించి చూడకుండా, ప్రతి ఎత్తూ రికార్డయ్యే ఏర్పాటు ఉన్న పెద్ద ఈవెంట్లలో ర్యాపిడ్ అయినా క్లాసికల్ రూలే నడుస్తుంది. వందమంది పిల్లలు కూర్చునే ఫంక్షన్ హాల్‌లో అలాంటి ఏర్పాటు ఉండదు కాబట్టి, మీరు 10 ఎత్తుల లెక్కే గుర్తుపెట్టుకోండి. రౌండ్ మొదలయ్యే ముందు చీఫ్ ఆర్బిటర్ ఏం చెప్తున్నారో మాత్రం వినండి, ఆ టైమ్‌లో సమోసా దగ్గర ఉండకండి.

అమెరికాలో ఉన్న మన వ్యూయర్స్ కోసం ఒక మాట. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మీ పిల్లలు ఆడే స్కూల్ టోర్నమెంట్లు చాలావరకు యూఎస్ చెస్ రూల్స్ మీద నడుస్తాయి. అక్కడ నల్లపావుల పదో ఎత్తు పూర్తయ్యేలోపు దొరికితేనే గేమ్ రద్దు, తర్వాత దొరికితే ఆట కొనసాగుతుంది. క్లాసికల్ అయినా అంతే. కొత్త గేమ్ మొదలుపెట్టినా క్లాక్‌లో అప్పటికే ఖర్చయిన టైమ్ అలాగే ఉంటుంది. సెలవులకి ఇండియా వచ్చి ఇక్కడ టోర్నమెంట్ ఆడించేటప్పుడు ఈ తేడా పిల్లలకి చెప్పి పంపండి.

ఈ "ఎప్పుడు పట్టుకున్నావు" అన్న లెక్క ఎంత పైస్థాయిలో అయినా వస్తుంది. అమరిక కేసు కాదు గానీ, 2017 డిసెంబర్‌లో రియాద్‌లో వరల్డ్ బ్లిట్జ్ గుర్తుందా? కార్ల్‌సన్ చెక్ ఇచ్చాడు, ఇనార్కియెవ్ ఆ చెక్ తప్పించుకోకుండా తిరిగి చెక్ ఇచ్చాడు. అది ఇల్లీగల్ ఎత్తు. కార్ల్‌సన్ దాన్ని క్లెయిమ్ చేయకుండా కింగ్ జరిపేశాడు. వెంటనే ఇనార్కియెవ్ క్లాక్ ఆపి, కార్ల్‌సన్ వేసిందే ఇల్లీగల్ అన్నాడు! మొదట ఆర్బిటర్ ఇనార్కియెవ్‌కే పాయింట్ ఇచ్చారు. తర్వాత చీఫ్ ఆర్బిటర్ దాన్ని మార్చి, ఉన్న పొజిషన్ నుంచే ఆడమన్నారు. ఇనార్కియెవ్ ఆడనన్నాడు, పాయింట్ కార్ల్‌సన్‌కి వెళ్ళింది. ప్రపంచ ఛాంపియన్ బోర్డు దగ్గరే ఇంత గందరగోళమైతే, అండర్-9 హాల్‌లో ఇంకెంత?

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన ప్రశ్న. ఒకడు మూడో ఎత్తుకే తప్పు గమనించాడు. చెప్పలేదు. గెలిస్తే గెలుపు, ఓడిపోయేలా ఉంటే అప్పుడు చెయ్యెత్తి రద్దు చేయించుకోవచ్చు. ఫ్రీ ఇన్సూరెన్స్! క్లాసికల్ రూల్‌లో ఈ కంత ఉంది, లేదని నేను అనను. ఆటకి చెడ్డపేరు తెచ్చే పని ఏదీ ఆటగాళ్ళు చేయకూడదని ఫిడే రూల్స్‌లో ఉంది, కావాలని దాచాడని తేలితే ఆర్బిటర్ దాని కింద చర్య తీసుకోవచ్చు. కానీ మూడో ఎత్తుకే చూశాడని నిరూపించేది ఎవరు? ఆ అబ్బాయి మనసులోకి దూరి చూడలేం. నా అభిప్రాయంలో యూఎస్ చెస్ వాళ్ళ 10 ఎత్తుల గీత ఈ విషయంలో మెరుగు, ఆ కంతని పూడ్చేస్తుంది. అదే సమయంలో తప్పుడు అమరికతో ఆడిన క్లాసికల్ గేమ్‌ని రేటింగ్‌కి లెక్కేయడం నాకూ మింగుడుపడదు. రెండు వైపులా ముల్లే. కోచ్‌లకి మాత్రం ఒక విన్నపం, "గమనించినా చెప్పకు" అని పిల్లలకి నేర్పకండి. కొందరు నేర్పుతున్నారు.

ఈ గొడవంతా తప్పాలంటే గేమ్ ముందు అరనిమిషం చాలు. అసలు ఈ తప్పు ఈ మధ్య ఎందుకు పెరిగినట్టు అనిపిస్తోందంటే, పిల్లలు ఫోన్‌లో చెస్ నేర్చుకుంటున్నారు. అక్కడ బోర్డు దానంతట అదే రెడీగా వస్తుంది. సిసిలియన్‌లో పన్నెండు ఎత్తులు కంఠతా వచ్చినవాడికి, ఖాళీ బోర్డూ పావుల సంచీ ఇస్తే చేతులాడవు. ఇంకో కారణం, "క్వీన్ ఎప్పుడూ కింగ్‌కి ఎడమ పక్కన" అని నేర్పడం. అది తెల్లపావుల వైపు నుంచే నిజం. నల్లపావుల వైపు కూర్చున్నప్పుడు క్వీన్ కింగ్‌కి కుడి పక్కన ఉంటుంది. ఇద్దరూ ఎడమ పక్కనే పెడితే కింగ్‌కి ఎదురుగా క్వీన్ వస్తుంది. మా ఛానల్‌లో పెద్దవాళ్ళు కూడా "మంత్రి రాజుకి ఎడమ" అనే అంటారు, ఆ అలవాటు ఇళ్ళల్లోంచే వస్తోంది.

కాబట్టి ముందు పావులు కాదు, బోర్డు చూడండి, కుడి మూల తెల్లగా ఉందా అని. ఆ తర్వాతే క్వీన్ తన రంగులో ఉందా అని. ఈ వరుస తారుమారు చేస్తే ఇందాక చెప్పిన అద్దం బొమ్మే వస్తుంది. చివరగా నైట్, బిషప్. మీ పావులే కాదు, ఎదుటివాళ్ళవీ చూడండి. ర్యాపిడ్‌లో అయితే ముందు రౌండ్ ఆడినవాళ్ళు హడావిడిగా పేర్చి వెళ్ళిపోతారు, వాళ్ళ తప్పుకి మీరు బలి.

మధ్యలో గమనిస్తే? పావుని ముట్టుకోకండి. క్లాక్ ఆపండి, ఆర్బిటర్‌ని పిలవడానికి క్లాక్ ఆపే హక్కు మీకుంది. చెయ్యెత్తండి. ఎదుటివాడు "పర్లేదులే, ఇలాగే ఆడేద్దాం" అన్నా ఒప్పుకోకండి, టోర్నమెంట్‌లో ఆ నిర్ణయం మీ ఇద్దరిదీ కాదు. ఆర్బిటర్‌తో "ఇతను తప్పు చేశాడు" అనకుండా, "అమరిక తప్పుగా ఉంది, ఇన్ని ఎత్తులయ్యాయి" అని చెప్పండి. ఆయనకి కావాల్సింది ఆ రెండే. క్లాక్‌లో టైమ్ ఎంత పెట్టాలన్నది ఆయన చూసుకుంటారు.

రంగులు మారిపోయిన కేసు కూడా అడుగుతారు, త్వరగా చెప్పేస్తాను. పెయిరింగ్‌లో మీకు తెల్లపావులు, మీరు చూసుకోకుండా నల్లపావుల వైపు కూర్చుని ఆడేస్తున్నారు. 2018 నుంచి రూల్ స్పష్టంగా ఉంది. ఇద్దరూ 10 ఎత్తులు పూర్తిచేయకముందే దొరికితే ఆపి, సరైన రంగులతో కొత్త గేమ్. 10 గానీ అంతకంటే ఎక్కువగానీ అయిపోతే అలాగే కొనసాగించాలి. అమరిక తప్పుతో పోల్చి చూడండి, ఇక్కడ ఆడుతున్నది అసలైన చెస్సే, కూర్చున్న కుర్చీలే మారాయి. అందుకే క్లాసికల్‌లో కూడా దీనికి గీత ఉంది, దానికి లేదు.

ఇంట్లో తమ్ముడితోనో తాతయ్యతోనో ఆడుతుంటే ఇవేవీ అక్కర్లేదు. ఎప్పుడు దొరికితే అప్పుడు ఇద్దరూ మాట్లాడుకుని ఏం చేయాలో తేల్చుకోండి. తాతయ్య ఓడిపోతూ "అమరిక తప్పురా" అంటే, కింగ్‌కీ రూక్‌కీ మధ్య గడులు లెక్కపెట్టి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో టచ్ మూవ్ గురించి. ఉంటానండీ.